నల్లకారు నిగనిగలాడాలంటే...

హీరో ఎంట్రీ అనగానే మీకేం గుర్తొస్తుంది? ముందు టైరు. తర్వాత బంపరు. ఆ తర్వాత నల్లటి బానెట్టు మీద జారిపోతున్న ఆకాశం, దీపాల వరస. అప్పుడు డోరు తెరుచుకుంటుంది, బూటు నేల మీద పడుతుంది, హాల్లో కాగితాలు ఎగురుతాయి! కాగితాలు ఎగరేసే తొందరలో ఆ బానెట్టుని అంత నిగనిగలాడించింది ఎవరా అని ఎవరూ అడగరు. అడగక్కర్లేదు కూడా. కాని ఈ వారం ఒకాయన అడిగాడు.

ఆయన కుర్రాడే. పేరు వెయ్యొద్దన్నాడు. వాళ్ళ బాబాయి హైదరాబాదులో షూటింగులకి కార్లు సప్లై చేస్తాడట. ఉన్నవి మూడు. అందులో నల్లది ఒక్కటే, డబ్బులు తెచ్చేది కూడా ఆ ఒక్కటే. విలన్‌గారు దిగాలన్నా, మంత్రిగారు ఎక్కాలన్నా నల్లకారే కావాలంటారు మరి! ఈమధ్య ఒక రాత్రి షూటింగులో కెమెరా అసిస్టెంటు టార్చి వేసి చూసి, "బానెట్టు నిండా సాలెగూళ్ళేనండీ" అన్నాడట. కారుని హీరో పక్కనుంచి తీసి వెనకాల జనంలో నిలబెట్టారు. అద్దెలో సగం కోశారు. ఇప్పుడు బాబాయి చీటీ ఎత్తి పాలిష్ మిషను కొందామంటున్నాడు. షాపులో ఒకటి చూపించారు, "మూడువేల స్పీడు, దీని ముందు ఏ గీతా నిలబడదు" అన్నారు. "కొనమంటారా? సినిమా పత్రికకి ఇదేం ప్రశ్న అని నవ్వకండి సార్, మా బాబాయి మీ శీర్షిక వదలకుండా చదువుతాడు" అని రాశాడు.

నవ్వలేదు తమ్ముడూ. సినిమా పత్రికకి రావలసిన ప్రశ్నే ఇది. తెర మీద మెరిసే ప్రతిదాని వెనకా ఎవరిదో చీటీ డబ్బు ఉంటుంది. ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు మాట్లాడుకుందాం. ఆ మూడువేల స్పీడు మిషను కొనకండి. ఎందుకంటారా? వినండి.

కెమెరామెన్ దగ్గర కూర్చుంటే మొదట చెప్పేది ఇదే: కారు మీద లైటు వెయ్యలేం, కారులో లైటు కనిపించేలా చెయ్యగలం, అంతే. ముఖ్యంగా నల్లకారు. దాని ఒళ్ళంతా అద్దం. పైన పెద్ద తెల్లగుడ్డ కట్టి దాని మీద లైటు కొడితే, ఆ తెల్లటి పట్టీ కారు మీద పొడుగ్గా పాకుతుంది. అదే మనం తెర మీద చూసి "అబ్బ" అనుకునే మెరుపు. తెల్లకారు సంగతి వేరు. తెలుపు వచ్చిన వెలుగునంతా నాలుగువైపులా చల్లేస్తుంది. ఆ వెలుగులో చిన్న గీత మెరిసినా కనిపించదు. పెళ్ళిపందిట్లో అగ్గిపుల్ల గీసినట్టు! నలుపు వెలుగుని మింగేస్తుంది. ఆ చీకట్లో గీత అంచు ఒక్కటి తళుక్కుమన్నా కంటికి గుచ్చుకుంటుంది. జేమ్స్ బాండ్ 1964లో 'గోల్డ్‌ఫింగర్'లో తోలిన ఆస్టన్ మార్టిన్ డి.బి.5 వెండి రంగుది. వెండి రంగు చాలా పాపాలు దాస్తుంది. 1982లో మొదలైన 'నైట్ రైడర్' టీవీ సీరియల్లో మాట్లాడే కారు 'కిట్' ఉంది చూశారూ, అది నల్ల పాంటియాక్. రోజూ దాన్ని కెమెరా ముందు నిలబెట్టిన కుర్రాళ్ళెవరో గాని, వాళ్ళకి నా నమస్కారం!

ఇంకో తమాషా. టార్చి వేస్తే సాలెగూడులా గుండ్రంగా కనిపించే ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కుల్లోనూ అడ్డదిడ్డంగా ఉన్న సన్నగీతల్లో, దీపానికి అడ్డంగా పడ్డవి మాత్రమే మెరుస్తాయి. అందుకే దీపం చుట్టూ వలయంలా కనబడతాయి. దీపం జరిపితే వలయమూ జరుగుతుంది. అంటే ఎవరో గుండ్రంగా తిప్పి పాడుచేశారని కాదు. మరి ఈ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? పొద్దున్నే మన డ్రైవరుగారు భుజం మీది పాత బనియన్ గుడ్డతో కారుకి చేసే సేవలోంచి! దుమ్ము మీద పొడిగుడ్డ లాగితే దుమ్ములోని ఇసకరేణువులు ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. భక్తి ఎక్కువైనకొద్దీ గీతలూ ఎక్కువే. షూటింగులో టేకు టేకుకీ మధ్య ఒకడు పరిగెత్తుకొచ్చి దుమ్ము తుడిచి వెళతాడు చూడండి, ఆ తుడుపు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా విడదీసుకోవాలి. చాలామంది 'పాలిష్' అన్నా 'వ్యాక్స్' అన్నా ఒకటే అనుకుంటారు. కాదు. పాలిష్‌లో సన్నటి గరుకు పొడి ఉంటుంది. అది పైపొరని కొద్దిగా గీకి, గీత అంచుల్ని చదును చేస్తుంది. వ్యాక్స్ గీకదు, పైన పూతలా పడుకుంటుంది. మంచి వ్యాక్స్‌లో ఉండే కార్నూబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీస్తారు. నలుపుకి లోతు తెస్తుంది, నీళ్ళని ముత్యాల్లా దొర్లిస్తుంది, సన్నగీతల్ని కొన్నాళ్ళు కప్పి ఉంచుతుంది. కప్పి ఉంచుతుందంతే, నయం చెయ్యదు. మేకప్ వేస్తే మొటిమ కనబడదు గాని పోయిందనలేం కదా! అందుకని మిషను కొనేముందు బాబాయిని అడగవలసింది ఒక్కటే. వ్యాక్స్ పూయడానికి మాత్రమేనా? లేక గీతలు తియ్యడానికి కూడానా? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా షాపుకి వెళితే షాపువాడే జవాబు చెబుతాడు.

మిషన్లు బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒక మోటారు, ఒక పిడి, కింద ఒక పళ్ళెం. తేడా అంతా ఆ పళ్ళెం ఎలా తిరుగుతుందన్న దాంట్లోనే ఉంది.

షాపువాడు చూపించింది రోటరీ. పళ్ళెం ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది, మోటారు బలమంతా ఒకే చోట దిగుతుంది. పాత పెయింట్లకి, చెయ్యి తిరిగిన వస్తాదుకి అది బ్రహ్మాస్త్రమే. నేను కాదనను. పాతికేళ్ళు అనుభవమున్న పనివాళ్ళు రోటరీతో నల్లకారుని నల్లరాతి విగ్రహంలా మెరిపించడం కళ్ళారా చూశాను. కాని కొత్తచేతిలో అది రెండు అపకారాలు చేస్తుంది. ఒకటి, ఒకేచోట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే వేడెక్కి పైపొర కాలిపోతుంది. బానెట్టు మడతల అంచుల మీద, డోరు గీతల మీద పొర మరీ పలచగా ఉంటుంది కాబట్టి ముందు పోయేది అక్కడే. రెండు, కాలకపోయినా పళ్ళెం నడిచిన దారంతా మబ్బుచారల్లా మిగిలిపోతుంది. నీడలో కనబడదు. ఎండలో నిలబెట్టండి, లైటు వెయ్యండి, కారుతోపాటు ఆ చారలు కూడా కదులుతాయి. తెల్లకారు మీద ఎవరూ పట్టించుకోరు. నల్లకారు మీద మీ బాబాయిని వెనక జనంలో నిలబెట్టేది మళ్ళీ ఆ చారలే.

'కాలిపోవడం' అంటే ఏమిటో చెప్పాలి. ఇవాళ్టి కార్లకి రంగు మీద ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. 1980లలో ఇది చాలా కార్ల కంపెనీలకి అలవాటైంది. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక అంతకంటే లావు! ఎండ దెబ్బని ఆపే మందు కూడా ఆ పొరలోనే ఉంటుంది. అది అరిగిపోతే తిరిగి పుట్టదు. మూడు నాలుగేళ్ళకొకసారి నాజూగ్గా పాలిష్ పట్టిస్తే తట్టుకుంటుంది. నెలనెలా రుద్దితే ఒక ఎండాకాలంలో పొట్టులా లేచిపోతుంది. అప్పుడు ఇక పాలిష్ కాదు, బానెట్టు మొత్తం కొత్త పెయింటే. కొండనాలుక్కి మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఆ ఖర్చు ముందు మిషను ఖరీదు ఎంత?

రోటరీ కూడా కొనలేక, ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండరుకి మెత్తటి పళ్ళెం తగిలించి రుద్దేవాళ్ళు ఉన్నారు. దండం పెట్టి చెబుతున్నాను, వద్దు. చిన్న గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. అది ఇనుము కొయ్యడానికి పుట్టింది.

ఇంకొక రకం ఉంది. పెద్ద గుండ్రటి పళ్ళెం, పదంగుళాలు ఉంటుంది, రెండు చేతుల్తో స్టీరింగులా పట్టుకోవాలి, కింద టోపీలాంటి గుడ్డ తొడగాలి. షాపుల్లో దీన్నే 'ఆర్బిటల్ పాలిషరు' అని, 'వ్యాక్సరు' అని అమ్ముతారు. చవక, భయం లేదు, కాల్చదు, గీకదు. మన సినిమాల్లో హీరో స్నేహితుడిలాంటిది! వెంట ఉంటాడు, నవ్విస్తాడు, ఫైటింగ్ దగ్గరికి వచ్చేసరికి కనబడడు. వ్యాక్స్ పరవడానికి బాగానే పనికొస్తుంది. గీతలు తియ్యడానికి దాని బలం చాలదు. పైగా పళ్ళెం పెద్దది కావడంతో బంపరు వంపుల్లోకి, అద్దం కింద సందుల్లోకి పోదు. తొడిగే గుడ్డటోపీ మీద ఇసకరేణువు ఒక్కటి చిక్కుకుంటే చాలు, కొత్త సాలెగూళ్ళు అల్లి పెడుతుంది. బానెట్టు ఇప్పటికే బాగున్న కారుకైతే ఇది చాలు. మీ కారుకి చాలదు.

ఇక మన హీరో. డ్యుయల్ యాక్షన్ అంటారు, రాండమ్ ఆర్బిటల్ అంటారు, రెండూ ఒకటే. బొంగరం చూశారుగా? తన చుట్టూ తాను తిరుగుతూనే నేల మీద సున్నాలు చుడుతుంది. ఈ పళ్ళెం కూడా అంతే. ఇరుసు కొంచెం పక్కకి జరిపి బిగించి ఉంటుంది. మోటారు పళ్ళేన్ని చిన్న చిన్న సున్నాల్లో ఊపుతుంది. పళ్ళెం తన ఇష్టానికి తాను తిరుగుతుంది, దాన్ని తిప్పమని ఎవరూ బలవంతం చెయ్యరు. దీనివల్ల ఒక గొప్ప సుగుణం వచ్చింది. మీరు మరీ గట్టిగా అదిమితే, లేకపోతే అంచు మీద పెడితే, పళ్ళెం అలిగి తిరగడం మానేస్తుంది. రోటరీ ఆ అలక ఎరగదు, కాలుస్తూ పోతుంది. ఒకే దారిలో రెండుసార్లు నడవదు కాబట్టి మబ్బుచారలూ మిగల్చదు. నల్లకారుకి, కొత్తచేతికి, చీటీ డబ్బుకి ఇంతకుమించిన జోడీ లేదు.

అందులోనూ రకాలున్నాయి. ఇరుసు ఎంత పక్కకి జరిగి ఉందో దాన్నిబట్టి పళ్ళెం చుట్టే సున్నా ఎంత పెద్దదో చెబుతారు. దాన్ని 'త్రో' అంటారు, మిల్లీమీటర్లలో. ఎనిమిది ఉన్నవి, పదిహేను ఉన్నవి, ఇరవైఒకటి ఉన్నవి. అమెరికాలో ఇంటి ముందు కార్లు మెరిపించుకునేవాళ్ళ చేతుల్లో చాలాకాలం ఎనిమిది రకమే ఉండేది. ఇటలీ కంపెనీ రూపెస్ 'బిగ్‌ఫుట్' అని పదిహేను, ఇరవైఒకటి తెచ్చాక ఈ రంగంలో లెక్క మారింది. త్రో పెరిగినకొద్దీ పని తొందరగా అవుతుంది. కాని ఇరవైఒకటి పెద్ద చదును బానెట్లకి బాగుంటుంది. మన కార్ల వంపుల దగ్గరా, బంపర్ల దగ్గరా పళ్ళెం ఆగిపోతూ విసిగిస్తుంది. ఎనిమిది మెల్లగా నడుస్తుంది, చేతులు జివ్వుమంటాయి. ఒక్కటే కొనాలంటే నా ఓటు పదిహేనుకి. పళ్ళెం అయిదంగుళాలది తీసుకోండి. ఆరంగుళాలది బస్సులకీ వ్యాన్లకీ బాగుంటుంది.

కంపెనీ పేరు చూసి మోజుపడనక్కర్లేదు. షాపులో డబ్బా మీద చూడవలసినవి వేరే ఉన్నాయి. స్పీడు మార్చుకునే చక్రం ఉండాలి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలతో. వ్యాక్స్‌కి ఒకటో రెండో చాలు, పాలిష్‌కి నాలుగూ అయిదూ. స్విచ్చి వెయ్యగానే ఒక్కసారి ఉరకకుండా మెల్లగా అందుకోవాలి. లేకపోతే బానెట్టు మీద వేసిన పాలిష్ మీ చొక్కా మీదికి వస్తుంది! అదిమినప్పుడు మోటారు గొంతు మరీ పడిపోకూడదు. తూకం చేతికి ఎత్తి చూడండి. షాపులో అరనిమిషం ఎత్తడం వేరు, కారంతా తిరిగేసరికి మూడు నాలుగు గంటలు ఎత్తడం వేరు. ఇంకోటి, కింద పళ్ళెం పాడైతే విడిగా దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే ఆ మిషను ఒక సినిమాకి వచ్చి మాయమయ్యే హీరోయిన్ లాంటిదే.

ఒక మోసానికి పడకండి. చెక్కని నునుపు చేసే శాండరు కూడా రాండమ్ ఆర్బిటలే, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, చవక కూడా. కాని దాని త్రో రెండు మూడు మిల్లీమీటర్లు, స్పీడు పది పన్నెండు వేలు. దానికి స్పాంజి తగిలిస్తే స్పాంజి వణుకుతుంది గాని పెయింటు మీద పనిచెయ్యదు. వడ్రంగి సామాను వడ్రంగికే వదిలెయ్యండి.

అన్నట్టు, ఉత్తరం చివర్లో "మా అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు" అని ఒక వాక్యం ఉంది. అన్నయ్య ప్రేమకి వందనాలు. కాని అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి మిషను ఇక్కడి ప్లగ్గులో పెడితే ఢమాల్! ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వాడుకోవచ్చు, సెల్‌ఫోను చార్జరుకి పెట్టే చిన్నది కాదు, మిషను లాగే వాట్లకి కనీసం రెట్టింపు మొయ్యగలిగింది. దాన్ని మోసుకుంటూ కారు చుట్టూ తిరగాలి, పాడైతే బాగుచేసేవాడు ఇక్కడ దొరకడు. అన్నయ్యని స్పాంజి పాడ్‌లూ, మంచి మైక్రోఫైబర్ గుడ్డలూ తెమ్మనండి. బరువుండవు, కరెంటు గొడవ లేదు. బ్యాటరీతో నడిచేవి కూడా ఇప్పుడు వచ్చాయి. వ్యాక్స్ వరకు హాయిగా ఉంటాయి. గీతలు తీసే పనికి రెండు మూడు బ్యాటరీలు పక్కన పెట్టుకోవాలి. ఔట్‌డోర్‌లో జనరేటరు వ్యాను ఎలాగూ ఉంటుందనుకోకండి, లైట్‌మెన్ మీకు వైరు ఇవ్వరు!

మిషను హీరో అయితే స్పాంజి దర్శకుడు. నల్లకారు మీద అసలు నిర్ణయం స్పాంజిదే. గొర్రెబొచ్చు పాడ్ మీ చేతికి వద్దు. గట్టి స్పాంజి గీకుతుంది, మధ్యస్థం పాలిష్ పెడుతుంది, మెత్తటిది తుదిమెరుపు ఇస్తుంది. నలుపుకి మొదలుపెట్టడం ఎప్పుడూ మెత్తటిదాంతోనే, మరీ సన్నరకం పాలిష్‌తోనే. సరిపోకపోతే ఒక మెట్టు పైకి వెళ్ళవచ్చు. గట్టిదాంతో మొదలుపెడితే వెనక్కి రాలేరు. ఒక కారుకి మూడు నాలుగు పాడ్‌లైనా కావాలి. ఒక్కటే పాడ్‌తో కారంతా లాగితే అది పాలిష్‌తో, అరిగిన పెయింటుతో నిండిపోయి ఉపకారం కన్నా అపకారం చేస్తుంది. కిందపడ్డ పాడ్ ఎంత దులిపినా మళ్ళీ నల్లకారుకి తగలకూడదు, సైకిలుకి వాడుకోండి. అందుకే నా లెక్క ఇది: చీటీ డబ్బులో మిషనుకి మూడువంతులు మించనివ్వకండి, నాలుగో వంతు పాడ్‌లకీ గుడ్డలకీ ఉంచండి. ఖరీదైన మిషనుకి చవక స్పాంజి తగిలించడం పెద్ద హీరోకి డూపు చేత క్లోజప్ తీయించడమే.

పని మొదలుపెట్టేముందు ఆ కారు పెయింటు ఎలాంటిదో చూసుకోవాలి. అద్దెకి తిరిగే కార్లకి ఎక్కడో ఒకచోట పెయింటు మళ్ళీ వేయించే ఉంటారు. తెల్లగుడ్డకి ఒక చుక్క పాలిష్ అద్ది కనబడని మూల రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే క్లియర్ కోట్ లేదన్నమాట, రుద్దేది నేరుగా రంగునే. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్లు పీరియడ్ సినిమాల కోసం ఇప్పటికీ షూటింగులకి వస్తున్నాయి కదా, పాతకాలం పెయింటు మిగిలిన బండ్లలో ఇది కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు గాని చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండాలి. పెయింటు వేయించి నెల కూడా కాలేదంటే వ్యాక్స్ జోలికి పోకండి, లోపలి తడి ఆరాలి. పెయింటరుని అడిగి ఆయన చెప్పిన గడువు దాకా ఆగండి. ఇక ఇప్పటి ఫ్యాషను, మెరుపు లేని మ్యాట్ నలుపు. దానికి మిషను తగిలించారా, అక్కడొక మెరుపు మచ్చ పడుతుంది, మరి పోదు.

పని చేసే పద్ధతి నోటితో చెబితే రాదు, చేస్తే వస్తుంది. అయినా నాలుగు మాటలు. ఎండలో వద్దు, చెట్టుకిందా వద్దు, ఆకులు రాలతాయి. షెడ్డులో, బానెట్టు చల్లగా ఉన్నప్పుడు. ముందు నీళ్ళు ధారగా పోసి దుమ్ము కొట్టుకుపోనివ్వండి, తర్వాతే షాంపూ. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించడానికి. జాడించకుండా ముంచితే ఆ ఇసకంతా మళ్ళీ కారు మీదికే. చెయ్యి ఆడించి చూస్తే ఇంకా గరుకుగా ఉంటే క్లే అనే బంకమట్టి ముద్ద దొరుకుతుంది, తడిపి రాస్తే అతుక్కున్న మురికి దానికి అంటుకుని వచ్చేస్తుంది. ప్లాస్టిక్ భాగాలకీ, మడతల అంచులకీ టేపు అతికించండి. తెల్లటి వ్యాక్స్ నల్ల ప్లాస్టిక్కులోకి దూరిందంటే పళ్ళలో ఇరుక్కున్న కొబ్బరిలా కెమెరాకి అదే కనబడుతుంది.

మొదట బానెట్టులో ఒక్క మూల, జానెడు జాగా, పాలిష్ పట్టి లైటు వేసి చూడండి. అక్కడ బాగుంటేనే మిగతాది. ఒక్కోసారి రెండడుగుల చదరం తీసుకోండి. మిషనుని అంగుళానికి ఒక సెకను చొప్పున, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపండి. తొందరపడి చేతులు ఊపేవాళ్ళే ఎక్కువ. మిషను బరువుకి తోడు అరచేతి బరువు చాలు. పళ్ళెం అంచు మీద మార్కరుతో ఒక నల్లగీత గీసుకోండి. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది. ఒకేచోట నిలబడి వణుకుతోందంటే మీరు అదుముతున్నారు, లేదా మిషను వాలిపోయింది. ఈ గీత ఉపాయం పైసా ఖర్చులేనిది, నాకు తెలిసి ఇంతకన్నా మంచి గురువు లేడు.

వ్యాక్స్ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఎక్కువ పూస్తారు. ఎక్కువ పూస్తే ఎక్కువ మెరుపు రాదు, తుడవడం ఎక్కువవుతుంది, అంతే. కొత్త మెత్తటి స్పాంజి మీద నాలుగు చుక్కలు, స్పీడు రెండు, ఊదితే ఆవిరి పట్టినట్టుండే పలచటి పొర. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి చేత్తోనే తియ్యండి, శుభ్రమైన మైక్రోఫైబర్‌తో, గుడ్డ మడత మార్చుకుంటూ. తుడిచే పని మిషనుకి అప్పజెప్పకండి.

మీ ఉత్తరంలో ఇంకో వాక్యం కూడా నా కంట పడింది. మిషను వస్తే మీరే నేర్చుకుని పక్క కార్లవాళ్ళకి కూడా చేసిపెట్టి నాలుగు డబ్బులు సంపాదించాలని ఉందన్నారు. మంచిదే. కాని ఇక్కడ నిష్ఠూరంగా ఒక మాట. కృష్ణానగర్ చుట్టుపక్కల రాత్రుళ్ళు కార్లకి పాలిష్ పట్టే కుర్రాళ్ళతో మాట్లాడాను. పొద్దున ఆరింటికి షూటింగు, రాత్రి పదింటికి కారు తెచ్చి అప్పగిస్తారు. తొందరలో, ట్యూబులైటు వెలుగులో, నిద్రకళ్ళతో పని. అంచు కాలితే పెయింటు ఖర్చు కుర్రాడి జీతంలోంచి కోస్తారు. రోటరీ ఇచ్చేది ఓనరు, కాలితే కట్టేది కుర్రాడు! ఆ కుర్రాళ్ళలో ఒకడు నాతో ఏమన్నాడో తెలుసా? "తెల్లకారు వస్తే పాట పాడుకుంటా సార్, నల్లకారు వస్తే దేవుణ్ణి తలుచుకుంటా." కాబట్టి మొదటి మూడు నెలలు పరాయి నల్లకారు ముట్టుకోకండి. పాత సామాన్ల కొట్టులో పనికిరాని డోరో బానెట్టో ఒకటి కొని తెచ్చి దాని మీద చెయ్యి సాధన చెయ్యండి. నల్లది దొరికితే మరీ మంచిది. దాని మీద కావాలనే ఒకసారి అంచు కాల్చి చూడండి. ఎంతసేపట్లో కాలుతుందో చెయ్యికి తెలియాలి.

చీటీ ఇప్పుడే ఎత్తితే తోపుడు ఎక్కువ పోతుందనుకుంటే, ఆగండి. మిషను లేకుండా కూడా దారి ఉంది. చెయ్యి తిరిగినవాణ్ణి చూసి ఒక్కసారి గీతలు తీయించండి, దగ్గర నిలబడి చూడండి. తర్వాత నెలకో రెండు నెలలకో మీరే చేత్తో వ్యాక్స్ పెట్టుకోండి, ఒక సాయంత్రం పని. డ్రైవరుగారి భుజం మీది బనియన్ గుడ్డ మాత్రం ఆ రోజే తీసి పారేయండి. ఆయనకి కోపం వస్తుంది, నాలుగు మంచి మైక్రోఫైబర్ గుడ్డలూ, ఒక నీళ్ళ స్ప్రేయరూ చేతిలో పెట్టి బతిమాలండి. దుమ్ము పల్చగా ఉంటే తడి చేసి ఒత్తకుండా తియ్యాలి, మందంగా ఉంటే కడగాలి, పొడిగా మాత్రం ముట్టుకోకూడదు.

ఇంత కష్టపడి మెరిపించాక సెట్టు మీద ఒక విచిత్రం జరగవచ్చు. కెమెరామన్ వచ్చి, బానెట్టులో తన కెమెరా, ట్రాలీ, చుట్టూ నిలబడ్డ యూనిట్ అంతా కనిపిస్తోందని తిట్టుకుని, డల్లింగ్ స్ప్రే కొట్టమంటాడు. మెరుపుని చంపే మైనప్పూత అది! బాధపడకండి, మెరుపు ఎక్కువైందన్న ఫిర్యాదు మన మేలుకే. కాని కొట్టేముందు డోరు లోపలి అంచు మీద ఒక చుక్క కొట్టి, తీసి చూపించమని అడగండి. ప్యాకప్ అయ్యాక ఎవడో పొడిగుడ్డతో దాన్ని రుద్దడానికి వస్తాడు. బాబాయిని అక్కడే ఉండమనండి.